ఎక్కడ అని మాత్రం అడగకండి



ముందుగా ఒక ఒప్పందం చేసుకుందాం. ఈ కాసేపట్లో నేను మాచర్ల పేరు తీస్తాను, గురజాల పేరు తీస్తాను, రెంటచింతల ఎండల సంగతీ చెబుతాను. నక్షత్ర తాబేలు నాకు ఎక్కడ కనిపించిందో మాత్రం చెప్పను. ఏ గుట్ట వెనకో, ఏ వాగు గట్టునో, ఏ ఊరి పొలిమేరలోనో మీరు అడగొద్దు. అడిగినా రేడియోలో నాకు వినపడదు, అదొక ధైర్యం.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని. ముప్పై ఏళ్లపాటు పిల్లల చేత కప్పల్ని కోయించాను. ఆ పాపం కడుక్కోవడానికే ఇప్పుడు తాబేళ్ల వెంట పడ్డానని మా ఇంట్లో ఎకసెక్కం. నిజమే కావచ్చు. ఏటా రోహిణి కార్తె వెళ్లి మృగశిర చొచ్చిందంటే నా కాళ్లు ఇంట్లో నిలవవు. ఒక చేతికర్ర, ఒక టోపీ, రెండు సీసాల నీళ్లు, గట్టి అట్ట వేసిన నోటు పుస్తకం, ఒక పాత కెమెరా. నరసరావుపేటలో చీకటితో మొదటి బస్సు ఎక్కితే పొద్దు పొడిచే వేళకు తుప్పల్లో ఉంటాను.

ఆ తాబేలును చూడనివాళ్ల కోసం రెండు మాటలు. బావుల్లో, చెరువుల్లో మనం చూసేది నీటి తాబేలు. ఇది మెట్ట నేల మీద బతికేది, దీనికి ఈత రాదు. చిప్ప బోర్లించిన మూకుడులా ఎత్తుగా ఉంటుంది. నల్లటి పలకలు, ఒక్కో పలక నడుమ ఒక పసుపు చుక్క, ఆ చుక్క నుంచి చుట్టూ విచ్చుకున్న పసుపు గీతలు. ఫొటోలో చూస్తే ఇంత జిగేలుమనే జీవి నక్కల కంటా ముంగిసల కంటా పడకుండా ఎలా నెగ్గుకొచ్చిందా అనిపిస్తుంది. నేల మీద చూస్తే అర్థమవుతుంది. గడ్డిపోచల మీద ఎండ, పోచల సందుల్లో నీడ. తాబేలు వీపు మీదా అవే గీతలు. రెండు గజాల దూరంలో ఉన్నదాన్ని దాటుకుని పోయిన రోజులు నాకు బాగానే ఉన్నాయి. వెనక వచ్చే కుర్రాడు “సార్, మీ కాలి పక్కన” అంటే అప్పుడు కనిపించేది.

ఆడది పెద్దది, మగది చిన్నది. మగదాని పొట్ట పలక కాస్త లోపలికి గుంటపడి ఉంటుంది, తోక పొడుగు. వీపు పలకల మీది వలయాలు లెక్కపెట్టి, ఒక్కో వలయం ఒక్కో ఏడని వయసు చెప్పేవాళ్లను నమ్మకండి. తిండి దొరికిన ఏడు రెండు వలయాలు పడొచ్చు, కరువు ఏడు అసలు పడకపోవచ్చు. ముసలిదానికి అవి అరిగి నున్నబడతాయి. దాని వయసు దానికే తెలియాలి.

చిప్ప ఎత్తు గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. తంజావూరు బొమ్మ మీకు తెలుసు, ఎటు పడేసినా లేచి నిలబడుతుంది. దాని కిటుకు అడుగున పెట్టిన బరువు. అడుగున బరువేమీ లేకుండా, అంతా ఒకే పదార్థంతో చేసి, కేవలం ఆకారం వల్లే తనంతట తాను లేచే వస్తువు ఉంటుందా అన్నది గణితంలో ఒక ప్రశ్న. ఉంటుందని 2006లో హంగరీకి చెందిన గాబోర్ డొమోకోష్, పీటర్ వార్కోనీ చేసి చూపించారు. దానికి గోంబోట్స్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత వాళ్లు తాబేటి చిప్పలు కొలుచుకుంటూ పోయారు. 2008లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయిన వాళ్ల వ్యాసం ప్రకారం ఎత్తు చిప్పల తాబేళ్లు ఆ ఆకారానికి బాగా దగ్గర. అందులో మన నక్షత్ర తాబేలు ముందు వరసలో ఉంది. వెల్లకిలా పడినా కాస్త కాళ్లు ఆడించి ఒరిగి లేస్తుంది. గణితజ్ఞులు వెతికి వెతికి పట్టుకున్న ఆకారం మన రేగు తుప్పల కింద గడ్డి మేస్తోందన్నమాట.

ఇక పని సంగతి. ఎందుకు వానల్లోనే? పల్నాడు వేసవి మీకు కొత్తగా చెప్పాలా? నాపరాయి కాగి పెనమవుతుంది. ఆ నెలల్లో తాబేలు కదలదు. ఇది బొరియ తవ్వుకునే జాతి కాదు. పొద మొదట్లోనో, ఎండాకుల కిందో, బొమ్మజెముడు గుబురులోనో ముడుచుకుని పడి ఉంటుంది. తొలకరి పడి మట్టి వాసన లేచాక, ఎర్ర మఖమల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగులు నేల మీద తిరగడం మొదలయ్యాక, అప్పుడు బయటికి వస్తుంది. పొద్దున ఎండ ముదిరేదాకా, మళ్లీ సాయంత్రం పొద్దు వాలాక. మా సీజను మృగశిరతో మొదలై చిత్త కార్తెతో ముగుస్తుంది. కార్తెల పేర్లూ నక్షత్రాలవే, వీపు మీదా నక్షత్రాలే. ఈ మాట నేను ఎవరితో అన్నా నవ్వి ఊరుకుంటారు, మీరూ నవ్వండి.

నడవడమే పరిశోధన. ముందే గీసుకున్న సూటి దారిలో, గంటకు ఒక మైలు మించకుండా నడవాలి. సూటి దారి కాగితం మీద సులువు. నేల మీద సర్కారు తుమ్మ అడ్డం వస్తుంది, రేగు ముల్లు చొక్కా పట్టుకుంటుంది, పల్లేరు కాయ చెప్పులోంచి దిగుతుంది. పక్కకు తప్పుకుని మళ్లీ గీత మీదికి రావాలి. తాబేలు కనిపిస్తే మన దారికి అది ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి రాయాలి. ఆ దూరంలోనే లెక్క దాగి ఉంది. దారి పక్కనే ఉన్నవి దాదాపు అన్నీ కనపడతాయి. దూరం పెరిగేకొద్దీ కనపడేవి తగ్గుతాయి. ఎంత దూరానికి ఎంత తగ్గిందో తెలిస్తే, మన కళ్లు తప్పినవి ఎన్నో అంచనా కట్టొచ్చు. కనపడనిదాన్ని లెక్కపెట్టే విద్య ఇది.

తాబేలును మేం ముట్టుకోం. వన్యప్రాణిని పట్టుకుని గుర్తు వేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి పత్రం కావాలి. అది ఉన్నవాళ్లు మూడంచుల ఆకురాయితో చిప్ప అంచు పలకల మీద చిన్న గాట్లు పెడతారు. ఏ పలక మీద గాటుకు ఏ అంకె అన్నది ఒక పద్ధతి, 1939లో కేగుల్ అనే అమెరికన్ ప్రచురించింది, ఇప్పటికీ నడుస్తోంది. మాకు ఫొటో చాలు. ఏ రెండు తాబేళ్ల గీతలూ ఒకలా ఉండవు. వేలిముద్ర వీపు మీదే మోసుకు తిరిగే జీవికి మళ్లీ గాట్లెందుకు?

మొదటి ఏడు నాతో వచ్చిన ఒక విద్యార్థి నోటు పుస్తకం చూశాను. ఆగస్టులో మూడు తేదీలు ఉన్నాయి. నేను అతనితో పదకొండు రోజులు నడిచాను. “మిగతావి ఏవిరా?” అంటే, “ఆ రోజుల్లో ఏమీ కనపళ్లేదు గదా సార్” అన్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ తప్పు నాదే. కప్పను కోస్తే లోపల గుండె ఉండి తీరుతుంది. అలాంటి పాఠాలే నేను చెప్పాను. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన రోజును కూడా, మూడు మైళ్లు, మూడున్నర గంటలు, మబ్బు, సున్నా అని రాసుకోవాలని నేను ఎప్పుడు చెప్పాను గనక? సున్నాలు తీసేసిన పుస్తకం చదివినవాడికి పల్నాడు తుప్పల్లో అడుగడుగునా తాబేలే అనిపిస్తుంది. ఇప్పుడు నా పుస్తకాల్లో సగానికి పైగా పేజీలు సున్నాలే.

అదే దారిలో గొర్రెలు తోలుకొచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నేను మామా అని పిలుస్తాను. నా సున్నాల రోజుల్లో కూడా ఆయనకు ఒకటో రెండో కనపడి ఉంటాయి. ఎలా అని అడిగితే ఒకసారి అన్నాడు: “మీరు చూసుకుంటా నడుస్తారు సారూ. మేం నడుచుకుంటా చూస్తాం.” దీనర్థం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కానీ బొమ్మజెముడు మట్ట మీద అర్ధచంద్రంలా కొరికిన గుర్తు చూపించింది ఆయనే. రాలిన పండు తిన్న తాబేలు మూతి ఎర్రబారి ఉంటుందని చెప్పింది ఆయనే. ఆడది వెనక కాళ్లతో గుంట తీసి, నేల గట్టిగా ఉంటే మూత్రంతో తడిపి మెత్తబరిచి, గుడ్లు పెట్టి, పూడ్చి, పొట్ట పలకతో అణిచిపోవడం నేను పుస్తకంలో చదివాను. ఆయన చూశాడు. “కల్లాపి జల్లి అలికినట్టు చేస్తది” అన్నాడు. గుడ్లు మహా అయితే అరచేతిలో పట్టేటన్ని. పిల్ల బయటికి రావడానికి నెలలు పడుతుంది. గుంట వెచ్చదనాన్ని బట్టి పుట్టేది ఆడదో మగదో తేలుతుంది. ఎండలు పెరిగేకొద్దీ ఈ లెక్క ఎటు మొగ్గుతుందో చూడాలి.

“ఎన్నుండేవి మామా, మీ చిన్నప్పుడు?” అంటే మాత్రం ఆయన దగ్గరా అంకె లేదు. బోలెడు అంటాడు. ఆ బోలెడుకూ నా సున్నాకూ మధ్య ఏం జరిగిందో చెప్పే పుస్తకం ఎవరూ రాయలేదు. మాచర్ల దాటితే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ చెట్టు చెట్టుకూ కెమెరా కట్టి, చారల్ని బట్టి పులిని పోల్చుకుంటారు. దేశం మొత్తం మీద నాలుగేళ్లకోసారి పులుల లెక్క తీస్తున్నారు, 2006 నుంచి. సంతోషమే. చుక్కల వీపుకు అలాంటి గణన లేదు. పైగా దాని ఇల్లు దట్టమైన అడవి కాదు, అడవికీ పొలానికీ మధ్య ఉన్న తుప్ప. రెవెన్యూ రికార్డులో దాని పేరు బంజరు. బంజరంటే ఎవరికీ పనికిరానిదని. పనికిరాని నేల మీద నాపరాయి క్వారీ పెట్టొచ్చు, సున్నపు రాయి తవ్వొచ్చు, చదును చేసి మిర్చి వేయొచ్చు. చేసేవాళ్లను నేను తిట్టను. పిడుగురాళ్ల సున్నంతోనే మా ఇంటి గోడలకు వెల్ల వేశాం. 1955లో సాగర్‌కు శంకుస్థాపన పడి, కుడి కాలువ వచ్చాకే ఈ సీమ కడుపు నిండింది. ఈత రాని జీవి సిమెంటు లైనింగు కాలువలో పడితే ఎక్కి రాలేదు, నాపబండలు నిలువుగా పాతిన ప్రహరీ కింద దూరలేదు, ఎండుగడ్డికి నిప్పు పెడితే పరుగెత్తలేదు. తప్పు కాలువదీ బండదీ అనను. అటు ఒక జీవి ఉందని ఎవరి పుస్తకంలోనూ లేకపోవడమే నా బాధ.

పుస్తకం ఉన్నచోట ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల్లో మొహావీ ఎడారి ఉంది. అక్కడి ఎడారి తాబేలు మన దానిలా కాదు, బొరియ తవ్వుకుని బతుకులో నూటికి తొంభై పాళ్లు నేల కిందే గడుపుతుంది. 1990లో ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. ఏటా వసంతంలో, బొరియ వదిలి బయటికొచ్చే ఆ కొద్ది వారాలకు, సీజను కూలీల్లా పరిశోధకుల్ని పెడతారు. ఇద్దరిద్దరు జంటగా చదరంగా గీసిన దారి మీద రోజుకు పన్నెండు కిలోమీటర్లు నడుస్తారు. ముందొకరు, వెనకొకరు. వాళ్లూ టేపుతో దూరం కొలుస్తారు, వాళ్లూ సున్నాలు రాస్తారు. అలా ఏళ్ల తరబడి నడిచాక ఒక అంకె తేలింది: 2004లో ఉన్న పెద్ద తాబేళ్లలో మూడో వంతుకు పైగా 2014 నాటికి లేవు. చెడ్డ వార్తే. కానీ అంకె ఉన్న చెడ్డ వార్త. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లొచ్చు, కంచె వేయించొచ్చు, రోడ్డు పక్కకు జరిపించొచ్చు.

అక్కడ కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం ఎత్తవద్దని. ఎడారి తాబేలు మూత్రాశయంలో నెలలకు సరిపడా నీళ్లు దాచుకుంటుంది. భయపడితే వదిలేస్తుంది. మనం ముద్దుగా ఎత్తి ఫొటో దిగి కింద పెట్టి వెళ్లిపోతాం. అది ఆ వేసవి దాటకపోవచ్చు. మన తాబేలుదీ అదే భయం, కాకపోతే మన వాన దాన్ని తొందరగా ఆదుకుంటుంది.

తాబేలు ఎక్కడికి పోతుందో తెలుసుకోవడానికి మొదట్లో దారం వాడారు. 1927లో బ్రీడర్ అనే ఆమె తాబేలు వీపుకు దారపు రీలు కట్టి వదిలింది. మర్నాడు ఆ దారం పట్టుకుని వెళ్తే అది తిరిగిన ప్రతి మలుపూ తెలిసింది. ఇప్పుడు రేడియో. అవును, మీరు వింటున్నదాని చుట్టమే. గోలీకాయంత ట్రాన్స్‌మీటరును చిప్పకు అతికిస్తారు. ఒక్కో తాబేలుకు ఒక్కో ఫ్రీక్వెన్సీ. ఒకప్పుడు దూరదర్శన్ కోసం డాబా మీద కట్టేవాళ్లమే, అలాంటి యాంటెన్నా చేత్తో పట్టుకుని తిప్పుతూ ఉంటే, తాబేలున్న దిక్కు రాగానే టిక్ టిక్ మని వినిపిస్తుంది. పాటల్లేవు, వార్తల్లేవు, రోజంతా ఒకటే కార్యక్రమం: నేను ఇక్కడున్నాను, నేను ఇక్కడున్నాను.

ఇప్పుడు నా ఒప్పందం దగ్గరికి వద్దాం.

ఆ “ఇక్కడున్నాను” అన్న మాట వినడానికి మేం ఒక్కళ్లమే లేము. నక్షత్ర తాబేలు ప్రపంచంలో భారత్, పాకిస్తాన్, శ్రీలంకల్లో తప్ప సహజంగా మరెక్కడా లేదు. కానీ ఆగ్నేయాసియా నగరాల్లో అద్దాల పెట్టెల్లో కనపడుతుంది. అక్కడ అది అదృష్టం, సంపద, ముచ్చట. మన దగ్గరా ఈ పిచ్చి ఎక్కింది. తాబేలు చొరబడిన ఇల్లూ, అమీనా చొరబడిన ఇల్లూ ఒకటే అని మా ముసలాళ్లు భయపడేవారు. ఇప్పుడు అదే తాబేలు ఇంట్లో ఉంటే లక్ష్మి కదలదట. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో స్వామి సన్నిధిన ఈ తాబేళ్లే ఉంటాయి. ఎక్కడెక్కడి భక్తులో తెచ్చి సమర్పిస్తుంటారు. భక్తిని నేను తప్పు పట్టను. కానీ ఆ తాబేలు ఏ తుప్పలోంచి వచ్చిందో దానికి చీటీ ఉండదు.

2015లో అచ్చయిన ఒక అధ్యయనం, మన దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం గుండా ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు అడవి నుంచి పోతున్నాయని తేల్చింది. ఒక్క కేంద్రం, ఒక్క ఏడు. పట్టేది పెద్ద ముఠాలు కాదు. పొలాలకూ తుప్పలకూ తిరిగే పేదవాళ్లు, చిల్లర డబ్బులకు. సంచుల్లో సర్ది రైలెక్కిస్తారు. విశాఖపట్నం స్టేషన్లో ఒకసారి హౌరా వైపు వెళ్లే రైల్లో వెయ్యికి పైగా దొరికాయి. చెన్నై విమానాశ్రయంలో సూట్‌కేసుల్లో దొరకడం వార్త కాకుండా పోయింది. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దీన్ని, వన్యజీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి చేర్చారు. అంటే అడవిలో పట్టినదాన్ని దేశాల మధ్య వ్యాపారానికి అమ్మడం, కొనడం నిషిద్ధం.

పట్టుబడ్డవాటిని వెనక్కి వదిలేస్తే సరిపోతుంది కదా అంటారు. ఎక్కడ వదలాలి? గుజరాత్ తాబేలూ పల్నాడు తాబేలూ చూడ్డానికి అన్నదమ్ములే, రక్తంలో తేడా ఉంది. సింగపూర్లో పట్టుబడి వెనక్కి వచ్చిన కొన్నిటి పుట్టుక ఎక్కడిదో డీఎన్ఏ ద్వారా వెతికింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, 2006లో. వందల తాబేళ్లు ఒకే సంచిలో ఊపిరాడక పడి వచ్చాక ఒకదాని జబ్బు ఇంకొకదానికి అంటుతుంది. వాటిని తెచ్చి ఆరోగ్యంగా ఉన్న తుప్పల్లో వదిలితే మంచి చేశామో చెడు చేశామో చెప్పడం కష్టం.

అందుకని ఎక్కడ అన్న మాట మీద మాకింత పట్టుదల. ఇండోనేషియాలో రోటి అని ఒక చిన్న ద్వీపం. అక్కడి పాముమెడ తాబేలును 1994లో కొత్త జాతిగా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఫలానా ద్వీపం అని రాశారు. రాయడం వాళ్ల ధర్మం. ఆ కాగితం చదివినవాళ్లలో వ్యాపారులూ ఉన్నారు. కొన్నేళ్లలోనే అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 2017లో ‘సైన్స్’ పత్రికలో లిండెన్‌మేయర్, షీల్ అని ఇద్దరు ఆస్ట్రేలియన్లు, అరుదైన జీవుల చిరునామాలు అచ్చు వేయకండి అని రాస్తే పెద్ద చర్చే జరిగింది. ముప్పై ఏళ్లపాటు “తేదీ, స్థలం రాయని నమూనా నమూనా కాదు” అని పిల్లలకు నూరిపోసిన నాకు అది మింగుడు పడడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు నా పుస్తకాల్లో ఊళ్ల పేర్లు లేవు. పల్నాటి యుద్ధంలోని పేర్లు పెట్టుకున్నాను. ఒక గుట్ట బాలచంద్రుడు, ఒక వాగు మాంచాల, ఎప్పుడు వెళ్లినా సున్నా వచ్చే ఒక తుప్పల దిన్నె నాగమ్మ. ఏది ఏదో చెప్పే కాగితం వేరే చోట ఉంది. నా తర్వాత అది ఎవరికి ఇవ్వాలో ఇంకా తేల్చుకోలేదు.

కిందటేడు ఆరుద్ర కార్తెలో మామ ఫోను చేశాడు.

“సారూ, ఇద్దరు పిల్లోళ్లు బండి మీదొచ్చారు. చుక్కల తాబేళ్లు ఈడ దొరుకుతయ్యంటగా, డబ్బులిస్తాం, చూపిచ్చు పెద్దాయనా అన్నారు.”

నాకు గుండె జారింది. “నువ్వేమన్నావు మామా?”

“ఎత్తిపోతల కాడికి పొమ్మన్నా. కింద మడుగు పక్కన యెతకండి, బోలెడుంటయ్ అన్నా.”

ఎత్తిపోతల కింద మడుగులో ఏముంటాయో పల్నాడులో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. మొసళ్లు.

“మళ్లీ వస్తేనో?” అన్నాను.

“కోటప్పకొండ చెబుదామనుకుంటన్నా సారూ. మెట్లెక్కనియ్. అది సరే, మీరెప్పుడొస్తన్నారు? ఇయ్యాల పొద్దున్నే ఒకటి కనపడ్డది. మీ పుస్తకంలో రాసుకుంటారేమో, చిన్నపిల్ల. రూపాయి బిళ్లకు కాస్త పెద్దది.”